ఎలుక యాంటీబాడీతో ఎలుక వైరస్‌ని పట్టడం ఎలా

ఈ పనిలో ఒక తమాషా ఉంది. మీరు వెతికేది ఎలుకల నుంచి మనుషులకు అంటుకునే వైరస్. దాన్ని వెతికిపెట్టే మోనోక్లోనల్ యాంటీబాడీ (అన్నీ ఒకే అచ్చులో, ఒకే చోటిని గుర్తుపట్టే యాంటీబాడీ) కూడా దాదాపు ఎప్పుడూ చిట్టెలుక నుంచి వచ్చిందే. పైగా చాలాసార్లు పరీక్ష చేయాల్సిన రక్తం కూడా ఎలుకదే అయి ఉంటుంది. ముల్లును ముల్లుతోనే తీస్తున్నాం, బాగానే ఉందిగా అనిపిస్తుంది కానీ, ప్లేట్ మీద వచ్చే గొడవల్లో చాలావరకు ఈ ఎలుకల చుట్టరికం వల్లే వస్తాయి. కిట్‌తో వచ్చే కాగితంలో ఆ సంగతి ఒక్క లైన్లో ఉంటుంది, కొన్నిట్లో అదీ ఉండదు. అందుకే మామూలు స్టెప్పులు గబగబా చెప్పేసి, దెబ్బ తినే చోట్ల మాత్రం కాసేపు ఆగుతాను.

ఎలైజా (యాంటీబాడీతో పట్టి రంగుతో చూపించే ప్లేట్ టెస్ట్) ఒకటి రెండుసార్లు సొంతంగా చేసినవాళ్ల కోసం ఇది. పిపెట్ ఎలా పట్టుకోవాలో ఇందులో లేదు.

మొదలుపెట్టే ముందు, భద్రత గురించి

ఇక్కడ ఎక్కడా వైరస్‌ని పెంచే పని లేదు, మీకూ ఆ అవసరం రాకూడదు. హంటావైరస్‌ని కణాల్లో పెంచాలంటే బయోసేఫ్టీ లెవెల్ 3 ల్యాబ్ కావాలి, లాసా వైరస్‌కైతే లెవెల్ 4. మనకి కావాల్సిన యాంటిజెన్‌ని, అంటే యాంటీబాడీ పట్టుకునే వైరస్ ప్రోటీన్‌ని, బ్యాక్టీరియాలోనో, పురుగు కణాల్లోనో తయారుచేసిన రీకాంబినెంట్ ప్రోటీన్‌గా తెచ్చుకుంటే సరిపోతుంది, అది ఎవరికీ అంటుకోదు. అంటుకునేది శాంపిల్. ఎలుక మూత్రం, పెంటికలు, లాలాజలం ఎండి గాల్లోకి లేస్తే ఆ దుమ్ము పీల్చడం వల్లే హంటావైరస్ ఎక్కువగా వస్తుంది, కాబట్టి బోను కడిగేటప్పుడు కూడా పొడి చీపురు ముట్టుకోవద్దు, ముందు బ్లీచ్ నీళ్లతో బాగా తడిపి, కాసేపు నాననిచ్చి, అప్పుడు తుడవండి. రక్తం, కణజాలం తెరిచే పని బయోసేఫ్టీ క్యాబినెట్‌లో, గ్లవ్స్ వేసుకుని, మొహానికి సరిగ్గా అతికే రెస్పిరేటర్‌తో. సెంట్రిఫ్యూజ్ రోటర్‌కి మూత ఉండాలి. ఎలుకల్ని పట్టడానికి, వాటి రక్తం తీయడానికి జంతు నైతిక కమిటీ అనుమతి, ఆ పనిలో శిక్షణ ఉన్న మనిషి రెండూ ఉండాలి.

స్టెప్ 1: ప్రశ్న ఏంటో తేల్చుకోండి

"ఎలుకల వైరస్‌కి టెస్ట్ చేయాలి" అన్నది ప్రశ్న కాదు. ఏ వైరస్, ఎవరి శాంపిల్, జ్వరం మొదలై ఎన్నో రోజు, ఈ మూడూ కాగితం మీద రాయండి. వీటికి జవాబు లేకుండా యాంటీబాడీ ఆర్డర్ పెడితే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే, ఒక్కోసారి ఆ ఎలుక కూడా దొరకదు.

వైరస్ మాట ముందు. ఒక్కో హంటావైరస్‌కి సాధారణంగా ఒక్కో ఎలుక జాతి ఇల్లు. హంటాన్ వైరస్ చారల పొలం ఎలుకలో, సియోల్ వైరస్ మామూలు మురుగు ఎలుకలో, పూమాలా యూరప్ అడవుల్లో తిరిగే బ్యాంక్ వోల్‌లో, సిన్ నోంబ్రే ఉత్తర అమెరికా డీర్ మౌస్‌లో ఉంటాయి. అరీనావైరస్‌ల కుటుంబంలో లాసాది పశ్చిమ ఆఫ్రికాలోని మాస్టోమిస్ ఎలుక, ఎల్‌సీఎంవీ (లింఫోసైటిక్ కోరియోమెనింజైటిస్ వైరస్)ది మన అందరి ఇళ్లలో తిరిగే మామూలు చిట్టెలుక. ఏ ఎలుక దొరికిందో తెలిస్తే ఏ వైరస్ వెతకాలో సగం తెలిసినట్టే.

ఇక్కడ రెండు చోట్ల జనం పొరపడతారు. లెప్టోస్పైరోసిస్ కూడా ఎలుకల నుంచే వస్తుంది, కిడ్నీలు దెబ్బతినడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం అన్నీ హంటావైరస్ జబ్బులాగే ఉంటాయి, కానీ అది బ్యాక్టీరియా. మీ వైరస్ యాంటీబాడీకి అది కనపడదు, దాని టెస్ట్ విడిగా పెట్టాల్సిందే. రెండోది, చుంచు (ఇంగ్లీషులో ష్రూ). దాన్ని ఎలుక అని పిలుస్తాం కానీ జంతుశాస్త్రం లెక్కలో అది ఎలుక జాతే కాదు. 1964లో వెల్లూరులో ఒక చుంచు నుంచి తోట్టపాళయం వైరస్‌ని వేరుచేశారు, అది హంటావైరస్సే, కానీ ఎలుకల హంటావైరస్‌లకి బాగా దూరపు చుట్టం. ఎలుకల వైరస్ మీద తయారుచేసిన మోనోక్లోనల్‌తో దాన్ని పట్టగలమని నమ్ముకోవద్దు. బోనులో పడింది ఎలుకో చుంచో ముందు చూసుకోండి.

ఇక రోజుల లెక్క. హంటావైరస్ జబ్బుతో మనిషి ఆసుపత్రికి వచ్చేసరికే రక్తంలో ఐజీఎం (జబ్బు మొదట్లోనే తయారయ్యే రకం) యాంటీబాడీలు దాదాపు ఎప్పుడూ తయారై ఉంటాయి, వైరస్ మాత్రం రక్తంలో కొద్ది రోజులే ఉండి తగ్గిపోతుంది. కాబట్టి మనిషి సీరంలో హంటావైరస్ యాంటిజెన్ కోసం వెతకడం చాలావరకు దండగ, ఐజీఎం వెతకండి. లాసాలో కథ తిరగబడుతుంది, మొదటి రోజుల్లో రక్తంలో యాంటిజెన్ బాగా ఉంటుంది, ఐజీఎం ఆ తర్వాత పెరుగుతుంది, అక్కడ యాంటిజెన్ పట్టే టెస్ట్‌కే విలువ. ఎలుకల సంగతి మళ్లీ వేరు. హంటావైరస్ సోకిన ఎలుకకి జబ్బు చేయదు, నెలల తరబడి, ఒక్కోసారి బతికినంత కాలం ఊపిరితిత్తుల్లో వైరస్‌నీ రక్తంలో యాంటీబాడీనీ రెండింటినీ మోస్తూ తిరుగుతుంది. ఎల్‌సీఎంవీలో అయితే తల్లి కడుపులోనే సోకిన చిట్టెలుక ఒళ్లంతా వైరస్ ఉన్నా విడి యాంటీబాడీ చాలా తక్కువ ఉండొచ్చు, ఎందుకంటే దాని శరీరం ఆ వైరస్‌ని తనదే అనుకుని పెరిగింది. అలాంటి ఎలుకలో యాంటీబాడీ టెస్ట్ నెగెటివ్ అని సంబరపడితే మోసపోయినట్టే.

స్టెప్ 2: ఏ మోనోక్లోనల్ ఎంచుకోవాలి

1975లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు హైబ్రిడోమా పద్ధతి చెప్పారు. చిట్టెలుక ప్లీహంలోని బీ కణాన్ని చావులేని మయలోమా (క్యాన్సర్) కణంతో కలిపేస్తే, ఒకే రకం యాంటీబాడీని ఆగకుండా తయారుచేసే కణం దొరుకుతుంది. 1984లో నోబెల్ వచ్చింది. మనకి ఇందులో ముఖ్యమైన మాట "ఒకే రకం". మోనోక్లోనల్‌కి వైరస్ మొత్తం తెలీదు, ఒక ప్రోటీన్ మీద ఒక చిన్న చోటు, అంటే ఎపిటోప్, అదొక్కటే తెలుసు. ఆ చోటు మారిపోతే దానికి కళ్లు లేనట్టే. దాని బలమూ అదే, బలహీనతా అదే.

హంటావైరస్‌లో మీ ముందు రెండు దారులు ఉన్నాయి. లోపల ఆర్ఎన్ఏకి చుట్టుకుని ఉండే ఎన్ ప్రోటీన్, అంటే న్యూక్లియోక్యాప్సిడ్, దాదాపు 50 కిలోడాల్టన్లు. ఇది బోలెడంత తయారవుతుంది, దగ్గరి చుట్టాల మధ్య పెద్దగా మారదు, రోగి శరీరం మొట్టమొదట బలంగా స్పందించేది కూడా దీని మీదే, అందులోనూ మొదటి 100 అమైనో ఆమ్లాల భాగం మీద. బయట ఉండే జీఎన్, జీసీ అనే గ్లైకోప్రోటీన్ల మీద పనిచేసే యాంటీబాడీలు మాత్రం ఎక్కువగా ఒక్కో రకాన్నే గుర్తుపడతాయి. వైరస్ ఉందా లేదా అనేది ప్రశ్న అయితే ఎన్ మీద పనిచేసేది తీసుకోండి, ఏ రకం అన్నది ప్రశ్న అయితే రెండో దారి. రెండూ ఒకే యాంటీబాడీతో అయిపోవాలని ఆశపడకండి.

ఒకదాన్ని పట్టే యాంటీబాడీ దాని చుట్టాల్ని కూడా పట్టడం లోపం అనుకుంటారు చాలామంది. ఈ రంగం ముందుకొచ్చిందే దాని వల్ల. కొరియా యుద్ధంలో మూడు వేలమందికి పైగా ఐక్యరాజ్యసమితి సైనికులకు రక్తస్రావ జ్వరం వచ్చింది, కారణం ఏళ్ల తరబడి దొరకలేదు. 1976లో కొరియా వైరాలజిస్ట్ హో వాంగ్ లీ చారల పొలం ఎలుక ఊపిరితిత్తుల ముక్కల మీద, కోలుకున్న రోగుల సీరం వేసి ఫ్లోరోసెన్స్‌తో చూస్తే అక్కడ యాంటిజెన్ మెరిసింది. అంటే యాంటీబాడీతో ఎలుకలో వెతకడమే ఆ వైరస్‌ని దొరికించింది. 1993లో అమెరికాలో నాలుగు రాష్ట్రాలు కలిసే ఫోర్ కార్నర్స్ దగ్గర ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు ఊపిరాడక చనిపోతున్నప్పుడు కూడా, రోగుల సీరం అప్పటికే తెలిసిన హంటావైరస్ యాంటిజెన్‌లతో స్పందించడమే మొదటి ఆధారం, వైరస్ కొత్తదని తర్వాత జన్యు పరీక్షలో తేలింది. కాబట్టి మొదటి జల్లెడ కాస్త వెడల్పుగా ఉండనివ్వండి.

కొనేటప్పుడు మూడు విషయాలు అడగండి. ఏ వైరస్ స్ట్రెయిన్ మీద తయారైంది, ఏ ఐసోటైప్ (ఐజీజీ1, ఐజీఎం లాంటి యాంటీబాడీ ఉపరకం), ఏయే పద్ధతుల్లో పనిచేస్తుందని చూశారు. మూడోది బాగా అడగండి. ప్రోటీన్ సహజంగా ముడుచుకున్న ఆకారాన్ని గుర్తుపట్టే యాంటీబాడీ ఎలైజాలో అద్భుతంగా పనిచేసి, ప్రోటీన్‌ని విప్పేసే వెస్టర్న్ బ్లాట్‌లోనో ఫార్మలిన్‌లో పెట్టిన కణజాలంలోనో ఒక్క చుక్క సిగ్నల్ ఇవ్వకపోవచ్చు. ఐసోటైప్ ఎందుకంటే శుద్ధి చేసేటప్పుడు చిట్టెలుక ఐజీజీ1 "ప్రోటీన్ ఏ (A)" కాలమ్‌కి సరిగ్గా అతుక్కోదు, "ప్రోటీన్ జీ (G)" వాడాలి. లాసాలాంటి వైరస్‌లో ఒక ప్రాంతపు రకానికీ ఇంకో ప్రాంతపు రకానికీ తేడా బాగా ఉంటుంది, అక్కడ ఒక్క మోనోక్లోనల్ మీద టెస్ట్ నిలబెట్టకుండా వేరువేరు ఎపిటోప్‌ల మీద పనిచేసే రెండు మూడింటిని కలిపి వాడండి.

స్టెప్ 3: శాంపిల్‌లో వైరస్‌ని చంపండి, యాంటిజెన్‌ని కాదు

ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టు, కొందరు భయంతో శాంపిల్‌ని మరిగించేస్తారు. వైరస్ చస్తుంది, దాంతోపాటు మీ యాంటీబాడీ గుర్తుపట్టాల్సిన ఆకారం కూడా పోతుంది. ఆర్ఎన్ఏ తీయడానికి వాడే గ్వానిడిన్ ద్రావణాలదీ అదే తీరు, పీసీఆర్‌కి బంగారం, ఎలైజాకి విషం. కాబట్టి శాంపిల్ చేతికి రాగానే రెండుగా పంచండి, ఒకటి పీసీఆర్‌కి, ఒకటి మీకు.

మీ భాగానికి ట్రైటన్ ఎక్స్-100 లాంటి డిటర్జెంట్‌తో పాటు 56 నుంచి 60 డిగ్రీల వేడి వాడే పద్ధతులు ఎక్కువగా నడుస్తాయి. డిటర్జెంట్ వైరస్ పైపొరని కరిగిస్తుంది, లోపలి ఎన్ ప్రోటీన్‌ని బయటికి తెస్తుంది, రెండు పనులూ మనకి లాభమే. ఎంత శాతం, ఎంతసేపు అన్నది మాత్రం మీ సంస్థ బయోసేఫ్టీ కమిటీ పరీక్షించి ఒప్పుకున్న లెక్క ప్రకారమే చేయండి, నా మాటో ఇంకొకరి మాటో పట్టుకుని కాదు. సీరంలో కాంప్లిమెంట్ (సహజంగా ఉండే రక్షణ ప్రోటీన్లు) పోగొట్టడానికి అలవాటుగా 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు పెడతాం చూడండి, అది ఒక్కటే చేసి వైరస్ పూర్తిగా చచ్చిందని మాస్క్ తీసేయొద్దు.

స్టెప్ 4: జంట కుదర్చడం

యాంటిజెన్ పట్టే శాండ్‌విచ్ ఎలైజాకి రెండు యాంటీబాడీలు కావాలి, కింద పట్టుకునేది ఒకటి, పైన రంగు తెచ్చేది ఒకటి. రెండూ ఒకే ఎపిటోప్ కోసం కొట్టుకుంటే మామూలుగా సిగ్నల్ రాదు. హంటావైరస్ ఎన్ ప్రోటీన్ మూడు మూడుగా గుంపు కడుతుంది కాబట్టి ఒక్కోసారి ఒకే మోనోక్లోనల్‌ని రెండు వైపులా వాడినా పనిచేస్తుంది, కానీ దాని మీద ఆధారపడకండి, శాంపిల్‌లో ఆ గుంపు విడిపోతే టెస్ట్ కూడా పోతుంది.

మొదట్లో చెప్పిన ఎలుకల చుట్టరికం ఇక్కడే మొదటిసారి కాటేస్తుంది. కింద చిట్టెలుక మోనోక్లోనల్ పరిచారు. పైన ఇంకో చిట్టెలుక మోనోక్లోనల్ వేశారు. దాన్ని చూపించడానికి చిట్టెలుక ఐజీజీని పట్టే కాంజుగేట్ (రంగు తెచ్చే ఎంజైమ్ తగిలించిన యాంటీబాడీ) వేశారు. ఆ కాంజుగేట్‌కి పైదీ కిందదీ తేడా తెలీదు, రెండూ చిట్టెలుకవే, కింద పరిచిన దానికే వెళ్లి అతుక్కుంటుంది. నేను మొదటిసారి చేసిన ప్లేట్‌లో 96 వెల్స్‌కి 96 నీలంగా వచ్చాయి, ఖాళీగా వదిలినవి కూడా. వాష్ సరిగ్గా చేయలేదేమో అని రెండు రోజులు వాషర్‌ని తిట్టుకుంటూ కూర్చున్నాను, తప్పు నా తలకాయలో ఉంది.

దీనికి విరుగుడు సులువే. పై యాంటీబాడీకి నేరుగా హెచ్ఆర్‌పీ ఎంజైమో బయోటినో (దాన్ని స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్ గట్టిగా పట్టుకుంటుంది) తగిలించుకోండి, అప్పుడు చిట్టెలుకని పట్టే కాంజుగేట్ అవసరమే ఉండదు. లేదా పైన కుందేలు పాలీక్లోనల్ (పలు రకాల యాంటీబాడీల మిశ్రమం) వాడి, చిట్టెలుక ఐజీజీతో స్పందించకుండా శుద్ధి చేసిన, కుందేలు ఐజీజీని పట్టే కాంజుగేట్‌తో చూపించండి. శాంపిల్ కూడా ఎలుకదైతే ఇది ఇష్టాఇష్టాల సంగతి కాదు, తప్పనిసరి.

తర్వాత చెకర్‌బోర్డ్. కింది యాంటీబాడీని అడ్డంగా, మిల్లీలీటర్‌కి 5 మైక్రోగ్రాముల నుంచి సగం సగం తగ్గిస్తూ, పైదాన్ని నిలువుగా అలాగే తగ్గిస్తూ, ఒక ప్లేట్ తెలిసిన పాజిటివ్‌తో, ఒక ప్లేట్ తెలిసిన నెగెటివ్‌తో. ఎక్కడ సిగ్నల్ ఎక్కువ వచ్చిందని కాదు, పాజిటివ్‌ని నెగెటివ్‌తో భాగిస్తే ఎక్కడ ఎక్కువ వచ్చిందో ఆ గడి తీసుకోండి. ఈ ఒక్క రోజు కష్టపడితే తర్వాత ఆరు నెలలు టెన్షన్ ఉండదు.

స్టెప్ 5: ప్లేట్ వేసే రోజు

కింది యాంటీబాడీని పీహెచ్ 9.6 కార్బొనేట్ బఫర్‌లో కలిపి వెల్‌కి 100 మైక్రోలీటర్లు, 4 డిగ్రీల దగ్గర రాత్రంతా. పొద్దున పారబోసి, 0.05% ట్వీన్-20 కలిపిన పీబీఎస్‌తో మూడుసార్లు వాష్. తర్వాత బ్లాకింగ్, 37 డిగ్రీల దగ్గర ఒక గంట. ఇక్కడ పాలపొడి చవకగా బాగానే పనిచేస్తుంది, కానీ మీరు బయోటిన్, స్ట్రెప్టావిడిన్ వాడుతుంటే పాలపొడి వద్దు, పాలలోనే బయోటిన్ ఉంటుంది, అది మీ స్ట్రెప్టావిడిన్‌ని మింగేస్తుంది. బీఎస్ఏ (ఆవు సీరం ప్రోటీన్) వాడండి.

శాంపిల్ వేయండి, ప్రతి శాంపిల్ రెండు వెల్స్‌లో. ఎలుక ఊపిరితిత్తి అయితే 10% గుజ్జు చేసి, తిప్పి, పైన తేరినది వేయండి. దానికి పక్కనే, కింద వైరస్‌తో సంబంధం లేని అదే ఐసోటైప్ చిట్టెలుక యాంటీబాడీ పరిచిన వెల్ ఒకటి పెట్టి అదే శాంపిల్ అందులోనూ వేయండి. చాలామంది వెల్స్ ఖర్చవుతాయని ఈ కంట్రోల్ ఎగ్గొడతారు. అసలు వెల్‌లోనూ ఈ వెల్‌లోనూ ఒకేలా రంగు వస్తే అది వైరస్ కాదు, జిగురు. గంట ఆగండి, ఐదుసార్లు వాష్, పై యాంటీబాడీ, మళ్లీ గంట, మళ్లీ ఐదుసార్లు వాష్.

టైం కలిసొస్తుందని శాంపిల్‌నీ పై యాంటీబాడీనీ ఒకేసారి వేయకండి. శాంపిల్‌లో యాంటిజెన్ మరీ ఎక్కువ ఉంటే కిందదానికి కొంత, పైదానికి వేరేగా కొంత అతుక్కుని, మధ్యలో వంతెన కట్టేది మిగలదు, బాగా పాజిటివ్ అయిన శాంపిల్ నెగెటివ్‌లా కనిపిస్తుంది. దీన్నే హుక్ ఎఫెక్ట్ అంటారు. స్ట్రిప్ టెస్టుల్లో అన్నీ ఒకేసారి కలుస్తాయి కాబట్టి ఈ బెడద అక్కడా ఉంది, అనుమానం ఉంటే శాంపిల్‌ని పది రెట్లు పలచన చేసి మళ్లీ వేసి చూడండి.

చివర్లో టీఎంబీ (హెచ్ఆర్‌పీతో కలిసి రంగు తెచ్చే ద్రావణం), చీకట్లో 10 నుంచి 15 నిమిషాలు, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఆపి, 450 నానోమీటర్ల దగ్గర చదవండి. ఒక్క వెల్‌లో కూడా రంగు రాలేదా? మీ బఫర్‌లో సోడియం అజైడ్ ఉందేమో సీసా మీద చదవండి. బూజు పట్టకుండా వేసే ఆ అజైడ్ హెచ్ఆర్‌పీని చంపేస్తుంది.

స్టెప్ 6: మనిషి సీరంలో ఐజీఎం

ఇందులో వరస మారుతుంది. కింద మనిషి ఐజీఎంని పట్టే యాంటీబాడీ పరుస్తారు, దాని మీద 1:100 పలచన చేసిన రోగి సీరం, తర్వాత రీకాంబినెంట్ ఎన్ యాంటిజెన్, చివర్లో హెచ్ఆర్‌పీ తగిలించిన మీ మోనోక్లోనల్. రోగి ఐజీఎంలో హంటావైరస్‌ని పట్టేది ఉంటేనే యాంటిజెన్ నిలుస్తుంది, యాంటిజెన్ నిలిస్తేనే మోనోక్లోనల్ నిలుస్తుంది. నేరుగా యాంటిజెన్ పరిచి చేసే ఐజీఎం టెస్ట్ కంటే ఇది మెరుగు, ఎందుకంటే రోగిలో అప్పటికే ఉన్న ఐజీజీ వచ్చి చోటు ఆక్రమించే గొడవ ఇందులో తక్కువ.

అయితే రుమటాయిడ్ ఫ్యాక్టర్ ఉన్న మనుషులతో జాగ్రత్త. అది కూడా ఐజీఎమ్మే, దాని పని ఐజీజీల తోకని, అంటే ఎఫ్‌సీ భాగాన్ని పట్టుకోవడం. ప్లేట్ దాన్ని కిందకి లాగుతుంది, అది మీ మోనోక్లోనల్ తోకని పట్టుకుంటుంది, మధ్యలో యాంటిజెన్ లేకుండానే వెల్ నీలమైపోతుంది. ఇంకో రకం మనుషుల్లో నేరుగా చిట్టెలుక ప్రోటీన్ల మీదే యాంటీబాడీలు ఉంటాయి, మోనోక్లోనల్ మందులు వాడినవాళ్లలో, ఎలుకలతో పనిచేసేవాళ్లలో. సరిగ్గా మనం టెస్ట్ చేయాలనుకునేది ఎలుకలతో మెలిగేవాళ్లనే కదా! కాబట్టి ప్రతి సీరానికీ యాంటిజెన్ వేయని ఒక వెల్ పెట్టండి, ఆ ఓడీని (రంగు ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె) అసలు ఓడీలోంచి తీసేయండి. పలచన చేసే ద్రావణంలో మామూలు చిట్టెలుక ఐజీజీ కాస్త కలిపితే ఆ అల్లరి యాంటీబాడీలు దాన్ని పట్టుకుని ఊరుకుంటాయి. తోక కత్తిరించిన మోనోక్లోనల్ ముక్క, అంటే ఎఫ్‌ఏబీ2, దొరికితే రుమటాయిడ్ గొడవ ఇంకా తగ్గుతుంది. యాంటిజెన్ ఈ. కోలై (E. coli) బ్యాక్టీరియాలో తయారైనదైతే ఇంకో చిక్కు, చాలామంది రక్తంలో ఈ కోలై మీద యాంటీబాడీలు ముందే ఉంటాయి, కాబట్టి సీరం పలచన చేసేటప్పుడే ఈ కోలై కణాల రసం కాస్త కలపండి.

స్టెప్ 7: రకరకాల ఎలుకల సీరం వచ్చినప్పుడు

బోనుల్లో ఐదు జాతుల ఎలుకలు పడ్డాయి, వాటిలో మూడింటి ఐజీజీకి బజార్లో కాంజుగేటే లేదు. ఇలాంటప్పుడు పోటీ ఎలైజా చేయండి, నా దృష్టిలో మోనోక్లోనల్ అసలు సత్తా చూపించేది ఇక్కడే. ప్లేట్ మీద ఎన్ యాంటిజెన్ పరిచి, ముందు ఎలుక సీరం 1:10 పలచనగా వేసి, తర్వాత హెచ్ఆర్‌పీ తగిలించిన మోనోక్లోనల్ వేస్తారు. ఎలుకలో యాంటీబాడీ ఉంటే అది ముందే కుర్చీలో కూర్చుంటుంది, మోనోక్లోనల్‌కి చోటు దొరకదు, రంగు తగ్గుతుంది. ఇక్కడ రంగు తగ్గడమే పాజిటివ్. అది ఏ జాతి ఎలుకైనా, మనిషైనా, పిల్లి అయినా ఒకటే టెస్ట్.

లెక్క ఇలా: నెగెటివ్ కంట్రోల్ ఓడీ 1.2, మీ శాంపిల్ 0.3 అనుకుందాం. 0.3ని 1.2తో భాగిస్తే 0.25, అంటే 75% నిరోధం. మోనోక్లోనల్‌ని మరీ చిక్కగా వేస్తే ఎంత పోటీ ఉన్నా కొంత చోటు దొరికించుకుంటుంది, బలహీన పాజిటివ్‌లు తప్పించుకుంటాయి. గరిష్ఠ ఓడీలో 70% దాకా ఇచ్చే పలచన దగ్గర ఆపండి. ఇంకోటి, మీ మోనోక్లోనల్ గుర్తుపట్టే చోటు ఎలుక శరీరం కూడా బాగా స్పందించే చోటై ఉండాలి, ఎన్ ప్రోటీన్ మొదటి భాగం మీద పనిచేసేవి ఇక్కడ నప్పుతాయి.

పిల్ల ఎలుకల్లో పాజిటివ్ వస్తే వెంటనే నమ్మకండి. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీ కొన్ని వారాలు ఉంటుంది, ఆ పిల్లకి వైరస్ సోకి ఉండకపోవచ్చు. ప్రతి ఎలుక బరువు రాసుకునేది ఇందుకే, పిల్లో పెద్దదో దాన్ని బట్టి తెలుస్తుంది.

కణజాలం ముక్కల మీద రంగు వేసే పద్ధతి గురించి ఒక్క మాటే చెబుతాను. ఫార్మలిన్‌లో ఎక్కువ రోజులుంటే ఎపిటోప్ మూసుకుపోతుంది, పీహెచ్ 6 సిట్రేట్ బఫర్‌లో వేడిచేసి తెరవాలి, ఎలుక కణజాలం మీద చిట్టెలుక మోనోక్లోనల్ వేస్తుంటే స్టెప్ 4లో చెప్పిన చుట్టరికమే మళ్లీ ఎదురొస్తుంది, విరుగుడు కూడా అదే.

స్టెప్ 8: గీత ఎక్కడ గీయాలి

పాజిటివ్, నెగెటివ్ మధ్య గీతని కిట్ కాగితంలోంచి ఎత్తి రాయకండి. కనీసం 30, వీలైతే ఇంకా ఎక్కువ ఖాయంగా నెగెటివ్ అయిన శాంపిల్స్ మీ ల్యాబ్‌లో, మీ ప్లేట్ మీద వేసి, సగటుకి మూడు రెట్ల స్టాండర్డ్ డీవియేషన్ కలపండి. సగటు 0.08, డీవియేషన్ 0.02 అయితే గీత 0.14. ఆ నెగెటివ్‌లు అదే జాతి ఎలుకవి, అదే రకం శాంపిల్ అయి ఉండాలి, ల్యాబ్‌లో పెంచిన శుభ్రమైన చిట్టెలుక సీరంతో గీత గీసి పొలం ఎలుకల్ని కొలిస్తే అవన్నీ పాజిటివ్‌లాగే కనిపిస్తాయి. గీతకి కాస్త అటూ ఇటూ పడ్డవాటిని అనుమానం అని రాసి మళ్లీ వేయండి.

గీత సరిగ్గా ఉన్నా అంకెలు ఆడే ఆట ఒకటుంది. జబ్బున్నవాళ్లలో 95% మందిని పట్టి, లేనివాళ్లలో 95% మందిని సరిగ్గా వదిలేసే టెస్ట్ అనుకోండి, వినడానికి బ్రహ్మాండంగా ఉంది. వెయ్యిమందిలో పదిమందికే జబ్బు ఉన్న చోట దాన్ని వాడితే, ఆ పదిమందిలో తొమ్మిది లేదా పదిమంది దొరుకుతారు, మిగతా 990 మందిలో దాదాపు 50 మంది ఊరికే పాజిటివ్ వస్తారు. అంటే మీ దగ్గర పాజిటివ్ అని కాగితం పట్టుకుని నిలబడ్డ ఆరుగురిలో ఐదుగురికి జబ్బు లేదు. అందుకే అందరికీ టెస్ట్ పెట్టడం కాదు, జ్వరం, ప్లేట్‌లెట్ల పతనం, ఎలుకలతో సంబంధం ఉన్నవాళ్లకి పెట్టండి.

స్టెప్ 9: పాజిటివ్ వచ్చాక

కాగితం మీద "హంటాన్ వైరస్ పాజిటివ్" అని రాయకండి. మీ మోనోక్లోనల్ ఎన్ ప్రోటీన్‌ని గుర్తుపట్టింది, అది హంటానో సియోలో దానికి తెలీదు. "హంటావైరస్ ఎన్ యాంటిజెన్ రియాక్టివ్" అనో, "హంటావైరస్ ఐజీఎం రియాక్టివ్" అనో రాసి, ఏ యాంటిజెన్ వాడారో పక్కన పెట్టండి. రకం తేలాలంటే ముందే పక్కన పెట్టిన భాగం మీద పీసీఆర్, సీక్వెన్సింగ్ చేయించాలి, లేదా సరైన బయోసేఫ్టీ ఉన్న రిఫరెన్స్ ల్యాబ్‌కి న్యూట్రలైజేషన్ టెస్ట్‌కి (సీరం ఏ వైరస్‌ని అడ్డుకుంటుందో చూసేది) పంపాలి. మనిషి శాంపిల్ అయితే వారం పది రోజుల తర్వాత రెండో రక్తం కూడా తీయించండి, ఐజీజీ నాలుగు రెట్లు పెరిగితే ఇంక వాదన ఉండదు. లాసాలాంటిది అనుమానం వస్తే మాత్రం రెండో టెస్ట్ కోసం ఎదురుచూడకుండా, ఆ రోజే ఆసుపత్రికీ ఆరోగ్య శాఖకీ ఫోన్ చేయండి.

మిగిలిన యాంటీబాడీని చిన్న చిన్న భాగాలుగా చేసి, సగానికి సగం గ్లిజరాల్ కలిపి మైనస్ 20లో పెట్టండి, ఒకే సీసాని పదేపదే గడ్డకట్టించి కరిగిస్తే మూడు నెలల్లో మీ గీత మారిపోతుంది, ఎందుకో మీకు అర్థం కాదు. హైబ్రిడోమా మీదే అయితే బాగా పనిచేస్తున్నప్పుడే దాని యాంటీబాడీ జన్యువుల్ని సీక్వెన్స్ చేయించి దాచుకోండి. ఆ కణాలు ఒకరోజు చెప్పాపెట్టకుండా యాంటీబాడీ తయారుచేయడం మానేస్తాయి. సీక్వెన్స్ ఉంటే రీకాంబినెంట్‌గా మళ్లీ తయారుచేయించుకోవచ్చు, ఆ పని చేసేటప్పుడే ఎఫ్‌సీ తోకని చిట్టెలుకది తీసి కుందేలుది పెట్టమని అడగండి.